'పొడి వాతావరణం' అన్నప్పుడు పొడిగా ఉండేది ఏది?

ప్రశ్న: శరదృతువులోని ఒక వారానికి సంబంధించిన వాతావరణ సూచనను తెలుగులో రాస్తున్నాను. ఆ వారమంతా వాన లేదు, తెల్లవారుజామున చలి ఉంది, కొన్ని లోయలలో పొగమంచు కూడా ఉంది. 'చల్లని, పొడి వాతావరణం ఏర్పడే అవకాశం ఉంది. ఉదయం పొగమంచు కమ్ముకుంటుంది' అని రాశాను. చదివిన మిత్రులొకరు 'పొడి అంటే గాలిలో తేమ లేదని కదా, తేమ లేనిచోట పొగమంచు ఎలా కమ్ముకుంటుంది?' అని అడిగారు. నాకు జవాబు తోచలేదు. ఈ వాక్యంలో తప్పు ఎక్కడుందో సభ్యులు దయచేసి చెప్పగలరు.

సమాధానం: మీ మిత్రుల సందేహం న్యాయమైనదే. అయినా మీరు రాసిన విషయంలో తప్పు లేదు, చిక్కంతా మాటలో ఉంది. ఆ మాటను మీరు కల్పించలేదు కూడా. భారత వాతావరణ శాఖ కేంద్రాలు తెలుగులో ఇచ్చే సూచనలలో, వానలు వెనుదిరిగిన తరువాత, 'పొడి వాతావరణం ఏర్పడే అవకాశం ఉంది' అనే వాక్యం రోజుల తరబడి మారకుండా కనిపిస్తుంది. కోస్తాకూ రాయలసీమకూ విడివిడిగా ఇచ్చిన సూచనలలో కూడా అదే వాక్యం ఉంటుంది. దానిని చదివి పెదవులకు వెన్న రాసుకోవాలేమో అనుకునేవారు ఉన్నారు, పొలంలో కుప్ప వేసుకోవచ్చునని అనుకునేవారూ ఉన్నారు. వీరిలో రెండోవారి అర్థమే సరైనది.

వాతావరణ శాఖ పరిభాషలో, వాన ఎంత విస్తృతంగా పడుతుందో చెప్పడానికి ఒక వరుస ఉంది. ఒక ఉపవిభాగంలోని (కోస్తా, రాయలసీమ వంటి ప్రాంతంలోని) వర్షమాపక కేంద్రాలలో నాలుగో వంతు వరకు వాన నమోదైతే 'ఒకటి రెండు చోట్ల' అంటారు. 26 నుంచి 50 శాతం కేంద్రాలలో నమోదైతే 'కొన్ని చోట్ల', 51 నుంచి 75 శాతం అయితే 'చాలా చోట్ల', అంతకు మించితే 'దాదాపు అన్ని చోట్ల' అంటారు. ఏ ఒక్క కేంద్రంలోనూ వాన నమోదు కాకపోతే, ఆ వరుసలో అన్నిటికన్నా కింద ఉండే మాట 'పొడి'. కనుక అక్కడి 'పొడి' వానల లెక్కలో సున్నాకు పెట్టిన పేరు మాత్రమే. గాలిలో నీటి ఆవిరి ఎంత ఉందో ఆ మాట చెప్పదు, చెప్పాలని దానిని పెట్టనూ లేదు.

మరి చదివినవారికి గాలి ఎందుకు గుర్తుకు వస్తుంది? దానికి కారణం 'పొడి' కాదనీ, దాని పక్కన ఉన్న 'వాతావరణం' అనీ నా అభిప్రాయం. వాతము అంటే గాలి, ఆవరణము అంటే చుట్టూ కప్పి ఉన్నది. రెండూ కలిసి భూమిని చుట్టి ఉన్న గాలిపొరకు పేరయ్యాయి. ఆ పేరునే మనం రోజువారీ ఎండకూ వానకూ చలికీ కూడా వాడుకుంటున్నాము. ఏళ్ల తరబడి లెక్కగట్టిన సగటు స్థితికి పాఠ్యపుస్తకాలు 'శీతోష్ణస్థితి' అనే మాటను వేరుగా నిలిపాయి గాని, ఇవాళ రేపు ఎలా ఉంటుందో చెప్పడానికి అంత స్థిరమైన మాటను వేరుగా నిలపలేదు. అందువల్ల 'పొడి వాతావరణం' అనగానే తెలుగు పాఠకుడికి ముందుగా తోచేది 'పొడిగా ఉన్న గాలి' అనే అర్థమే. సమాసం చెప్పే అర్థం అదే కాబట్టి, పాఠకుడిని తప్పు పట్టడానికి లేదు.

'పొడి' అనే మాటను మాత్రం నేను వదులుకోను. తెలుగులో తడి లేకపోవడానికి ఎన్నో మాటలున్నాయి, అవి ఒకదాని బదులు ఒకటి రావు. 'ఎండు'కు ఎదుటి మాట 'పచ్చి': ఎండుగడ్డి, పచ్చిగడ్డి, ఎండుమిరప, పచ్చిమిరప. తనలో ఉన్న రసాన్ని పోగొట్టుకున్నదే ఎండుది అవుతుంది. 'ఆరు' అనేది పైన అంటిన తడి పోవడం: బట్టలు ఆరుతాయి, చెమట ఆరుతుంది. 'వట్టిపోవు' అంటే ఇవ్వవలసినది ఇవ్వలేకపోవడం: ఆవు వట్టిపోతుంది, బావి వట్టిపోతుంది. 'పొడి'కి ఎదుటి మాట 'తడి'. పొడిబట్ట అసలు తడవనిదైనా కావచ్చు, తడిసి ఆరినదైనా కావచ్చు. ఇప్పుడు తడి లేదన్నదొక్కటే ముఖ్యం. వాన నేలను తడుపుతుంది కనుక, వాన తడపని రోజును 'పొడి రోజు' అనడం చక్కగా అతుకుతుంది. 'ఎండు రోజు' అంటే అతకదు. కాబట్టి 'పొడి' సరైన మాటే గాని, దానిని రోజుకో వారానికో నేలకో చేర్చితే ఒక అర్థమూ, గాలికి చేర్చితే మరొక అర్థమూ వస్తాయి. 'పొడి వారం' అంటే వాన లేని వారం, 'పొడిగాలి' అంటే తేమ లేని గాలి. రెండూ నిలబడతాయి. 'పొడి వాతావరణం' ఈ రెండింటి నడుమ ఎటూ తేలకుండా ఉండిపోయింది.

ఇప్పుడు పొగమంచు సంగతి. గాలి ఎంత ఆవిరిని పట్టుకోగలదో దాని వేడిని బట్టి ఉంటుంది. 12 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇక పట్టలేనంతగా ఆవిరి నిండిన గాలిని తీసుకుందాము. అప్పుడు తేమ 100 శాతం. అదే గాలి, అందులోని ఆవిరి పెరగకుండా తరగకుండా, మధ్యాహ్నానికి 28 డిగ్రీలకు చేరితే తేమ దాదాపు 37 శాతమే అవుతుంది. పత్రికలలో 'గాలిలో తేమ శాతం' అని వేసే అంకె ఇదే: గాలి పట్టగలిగిన ఆవిరిలో ఎంత వంతు ఉందో చెప్పే సాపేక్ష ఆర్ద్రత. కనుక ఒకే రోజున, ఒకే గాలి తెల్లవారుజామున పొగమంచును కురిపించవచ్చు, మధ్యాహ్నం పెదవులను పగిలేలా చేయవచ్చు. ఆ రోజు వాన చుక్క పడదు కాబట్టి సూచనలో అది 'పొడి' రోజుగానే ఉంటుంది. మీ మిత్రులకు ఇవ్వవలసిన జవాబు ఇదే.

మీ వాక్యంలో నాకు ఇంతకంటె పెద్ద అభ్యంతరం 'చల్లని' అన్న చోట ఉంది. ఎండ ఎక్కువగా ఉండే నేల మీద పుట్టిన భాష కనుక తెలుగులో 'చల్ల'దనం దాదాపు ఎప్పుడూ మేలునే చెబుతుంది. చల్లని నీడ, చల్లని చూపు, చల్లని తల్లి అంటాము. ఎదుటివారిని 'చల్లగా ఉండండి' అని దీవిస్తాము. 'చలి' దానికి దగ్గర చుట్టమే అయినా దాని నడక వేరు. చలి ఒంటికి తెలిసే బాధ: చలి వేస్తుంది, చలి పుడుతుంది, చలికి వణుకుతాము, వేళ్లు కొంకర్లు పోతాయి. వస్తువు చల్లగా ఉంటుంది గాని వస్తువుకు చలి ఉండదు. 'చల్లని వారం' అని రాస్తే పాఠకుడు సంతోషిస్తాడు, 'చలి వారం' అని రాస్తే దుప్పటి తీస్తాడు. మీరు చెప్పదలచినది రెండోదే కదా.

'ఏర్పడే' అన్న క్రియను కూడా ఒకసారి చూడండి. అల్పపీడనం ఏర్పడుతుంది, మేఘం ఏర్పడుతుంది. లేనిది కొత్తగా రూపు కట్టినప్పుడు ఆ క్రియ తగును. వాన లేకపోవడం రూపు కట్టేది కాదు. నిన్నటిలాగే ఈ రోజూ వాన లేకపోతే 'కొనసాగుతుంది' అనవచ్చు, నేరుగా 'వాన పడదు' అనవచ్చు.

శరదృతువు గురించి మాత్రం కొంచెం నిలిచి చెప్పాలి. ఆశ్వయుజ కార్తీకాల ఈ ఋతువు మనకు ఆకులు రాలే కాలం కాదు. మన ఆకులు రాలేది మాఘ ఫాల్గుణాల శిశిరంలో. శీతల దేశాల ఆకురాలు కాలానికి 'శరత్తు' అని పేరు పెట్టినప్పుడు నెలలు కలుస్తాయి గాని దృశ్యం కలవదు. మనకు శరత్తు అంటే తేటపడిన ఆకాశం. నన్నయ రచనలో చివరిదిగా సంప్రదాయం చెప్పే అరణ్యపర్వ పద్యం 'శారదరాత్రు లుజ్జ్వల లసత్తర తారక హార పంక్తులం' అని మొదలవుతుంది. నక్షత్రాలు హారాలుగా మెరుస్తున్న రాత్రి అంటే మబ్బు తునక లేని రాత్రి. ఆ రాత్రులు మనకు అందంగా కనిపించడానికీ, తెల్లవారుజామున చలి పుట్టడానికీ కారణం ఒక్కటే. పగలంతా వేడెక్కిన నేల రాత్రిపూట ఆ వేడిని పరారుణ కిరణాలుగా పైకి పంపుతుంది. మబ్బులూ, గాలిలోని నీటి ఆవిరీ దానిలో కొంత భాగాన్ని పట్టుకొని తిరిగి నేలకు పంపుతాయి. అవి పలచబడిన రాత్రి వేడి అడ్డు లేకుండా పోతుంది. గాలి కూడా కదలకుండా ఉంటే చల్లబడిన పొర నేలను అంటిపెట్టుకొని ఉండిపోతుంది, బరువెక్కి లోయలలోకి జారుతుంది. మీ సూచనలో పొగమంచు లోయలలోనే ఉన్నదంటే అందుకే.

ఇది చెప్పడంలో నా ఉద్దేశం ఒకటి ఉంది. మీ వాక్యంలో 'చల్లని', 'పొడి' అనే రెండు విశేషణాలు కామాతో పక్కపక్కన కూర్చున్నాయి, ఒకదానితో ఒకటికి సంబంధం లేనట్లుగా. కాని ఆ వారం విషయంలో ఆ రెండూ ఒకే కారణానికి పుట్టిన కవలలు. మబ్బులు లేవు కనుక వాన లేదు, మబ్బులు లేవు కనుకనే చలి. తెలుగు వాక్యానికి 'కనుక' అనే చక్కని కీలు ఉండగా, రెండు విశేషణాలను నామానికి ముందు పేర్చి ఆ సంబంధాన్ని మింగేయడం దేనికి?

మరొక సభ్యుని మాట: వివరణకు కృతజ్ఞతలు. రెండు సందేహాలు ఉన్నాయి. వాన లేకపోవడానికి 'వరపు' అనే అచ్చతెలుగు మాట ఉండగా 'పొడి' ఎందుకు? తెలంగాణ పల్లెలలో చలిని 'ఇగం' అంటారు, 'ఇగం పెడుతున్నది' అంటారు. అటువంటి మాటలు సూచనలలోకి రాకూడదా? అలాగే పత్రికలు రాసే 'చలిగాలులు' సరైనదేనా అన్నది కూడా చెప్పగలరు.

తిరుగు సమాధానం: 'వరపు' నాకు ఎంతో ఇష్టమైన మాట, కాని ఇక్కడ దానిని వాడలేము. వరపు అంటే రావలసిన వాన రాకపోవడం; అందులో పైరు వాడుతున్న బాధ ఉంది. 'బెట్ట' కూడా అంతే. 'తెరపి' అంటే రెండు వానల నడుమ దొరికే విరామం. కార్తీకంలో కోతకు వచ్చిన చేను ముందు నిలబడిన రైతుకు వాన లేని వారం వరపు కాదు, వరం. ఆయనకు 'వరపు' అని సూచన ఇస్తే అర్థం తలకిందులవుతుంది. జూలైలో పది రోజులు వాన ముఖం చాటేస్తే అప్పుడు వరపు అనండి, ఆ మాటకు అదే తగిన చోటు.

'ఇగం' తప్పక రావాలి. ఆ మాటకు ఉన్న పట్టు 'చలి'కి లేదు. 'పెడుతున్నది' అన్న క్రియతో కలిసి వచ్చినప్పుడు అది బయటి నుంచి మీద పడే వస్తువులా వినిపిస్తుంది. ఆదిలాబాద్ వైపు ఇచ్చే సూచనలో ఇగం అని రాస్తే అర్థం కాని మనిషి అక్కడ ఉండడు. రాష్ట్రమంతటికీ కలిపి ఇచ్చే సూచనలో 'చలి' రాసి, జిల్లా సూచనలో 'ఇగం' రాయడం నాకు సమంజసంగా తోస్తుంది.

'చలిగాలులు' విషయంలో మీ అనుమానం నిజమే. 'వడగాలులు' మాటకు జోడుగా ఇది పుట్టి ఉండవచ్చునని నా ఊహ. కాని పత్రికలు ఇలా పిలిచే పరిస్థితికి (ఇంగ్లీషులో 'కోల్డ్ వేవ్') వాతావరణ శాఖ లెక్కలో గాలి వీచడం షరతు కాదు. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు గాని అంతకంటె తక్కువకు గాని దిగి, అది ఆ రోజు సాధారణం కంటె 4.5 నుంచి 6.4 డిగ్రీల వరకు తక్కువగా ఉన్నా, సాధారణంతో నిమిత్తం లేకుండా 4 డిగ్రీలకో అంతకంటె కిందకో దిగినా ఈ పేరు వర్తిస్తుంది. ఆకు కదలని రాత్రిలోనూ అది జరగవచ్చు. గాలి వీచకపోతే చలిగాలి లేదనుకొని వృద్ధులూ పసిపిల్లల తల్లులూ ఊరుకొనే ప్రమాదం ఉంది కనుక, 'తీవ్రమైన చలి' అని నేరుగా రాసి పక్కన అంకె వేయడం మేలు. ఆ ఇంగ్లీషు మాటకు మాటగా చేసిన 'శీతల తరంగం' ఎవరికీ చలి పుట్టించదు.

మొదట ప్రశ్న అడిగినవారి వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: 'ఈ వారమంతా ఎక్కడా వాన పడదు. రాత్రులు ఆకాశం నిర్మలంగా ఉంటుంది కనుక తెల్లవారుజామున చలి పెరుగుతుంది. లోయలలో పొగమంచు పట్టి, పొద్దెక్కాక విడిపోతుంది. మధ్యాహ్నం గాలిలో తేమ తగ్గుతుంది.' మీ వాక్యం కంటె ఇది కొంచెం పొడవైనదే. 'విడిపోతుంది' చోట 'తొలగిపోతుంది' ఉండాలా, 'కరిగిపోతుంది' ఉండాలా అన్నది నాకూ తేలలేదు. మీ ప్రాంతంలో పొగమంచుకు ఏ క్రియ వాడతారో రాయండి.