1, 11, 21, 1211… ఈ వరుసను ఏడేళ్ల పాపకు ఎలా చెప్పాలి?

ప్రశ్న:
మా అమ్మాయికి ఇచ్చిన ఇంటిపనిలో 1, 11, 21, 1211, 111221 అని రాసి, తరువాతి సంఖ్య ఏమిటని అడిగారు. మొదట పదేసి కలుపుకుంటూ వెళ్లి 21 తరువాత 31 రావాలని పట్టుబట్టిన పాప, అక్కడ 1211 ఉండటం చూసి పెన్సిల్ కింద పెట్టేసింది. ప్రతి సంఖ్యా దాని ముందున్న సంఖ్యను పైకి చదివితే వచ్చేదేనని, జవాబు 312211 అని చెప్పాను. అయినా 1211లో "మూడు ఒకట్లు, ఒక రెండు" ఉన్నాయంటూ 3112 అనే రాస్తోంది. అది ఎందుకు కుదరదో చెప్పడం నాకు చేతకావడం లేదు.

జవాబు 1:
ఇక్కడ అంకెలే అడ్డు. ఎక్కాలు నేర్చుకుంటున్న పిల్లలకు "రెండు రెళ్లు" అనగానే నోట "నాలుగు" వచ్చేస్తుంది. అందుచేత ఒకటికి చింతపిక్కను, రెండుకు గవ్వను పెట్టి, 1211ను పిక్క, గవ్వ, పిక్క, పిక్కగా నేల మీద పేర్చండి. ఎడమ నుంచి వేలు జరుపుతూ, రకం మారిన ప్రతిచోటా ఆగి చెప్పమనండి. "ఒక పిక్క, ఒక గవ్వ, రెండు పిక్కలు" అని తనే అంటుంది; అదే 111221.

జవాబు 2:
పాప లెక్క తప్పలేదు, వరుస తప్పింది. ఆమె పద్ధతిలో 1211, 1121, 2111 మూడింటికీ 3112 అనే వస్తుంది కనుక, దాన్ని చూసి అసలు సంఖ్య ఏదో ఎవరూ చెప్పలేరు. దీన్ని ఆటగా ఆడించండి: మీరు వంటింట్లో పిక్కలు పేర్చి చీటీ మీద 111221 అని రాసి పంపితే, హాల్లో ఉన్న పాప రెండేసి అంకెలు విడదీసి చదివి, అదే వరుసను పేర్చాలి. తరువాత తన పద్ధతిలో 3112 అని చీటీ పంపమనండి, మీరు తికమకపడండి. నా అనుభవంలో "తప్పు" అనే మాట కన్నా పెద్దలు తికమకపడటమే పిల్లలకు బాగా నచ్చుతుంది.

జవాబు 3:
గణితవేత్త జాన్ కాన్వే లోతుగా పరిశీలించిన వరుస ఇది. 1తో మొదలుపెడితే ఎంత దూరం వెళ్లినా 4 అనే అంకె రాదు. 4 రావాలంటే ఒకే అంకె నాలుగుసార్లు పక్కపక్కన ఉండాలి. 1111 అంటే "ఒక ఒకటి, ఒక ఒకటి" అని చదివినట్టు. పక్కపక్కనే ఉన్న ఆ ఒకట్లను మనం "రెండు ఒకట్లు" అనే చదువుతాం కదా. జతలను ఒక అంకె జరిపి విడదీసినా ఇదే చిక్కు వస్తుంది. కారణం ఇప్పుడే చెప్పకుండా, 4ను వెతకమని పాపకు పందెం కట్టండి.

ప్రశ్న అడిగినవారు:
చీటీల ఆట పనిచేసింది. 312211 తరువాత 13112221 తనే రాసింది. ఆ పైన 22తో మొదలుపెడతానని కూర్చుని, ఎన్నిసార్లు చదివినా 22 అనే వస్తోందని నా మీద అలిగింది.