మౌంటెన్ సైకిల్‌కు నున్నటి టైర్లు: 1.5 అంగుళాలా, 1.75 అంగుళాలా?

బెంగళూరులో మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్‌లోని ఆఫీసుకు మౌంటెన్ సైకిల్‌పై వెళ్తాను. దారంతా తారు రోడ్డే. టైర్లు 27.5 x 2.10 (చక్రం వ్యాసం, టైరు వెడల్పు అంగుళాల్లో), పెద్ద గుబ్బలవి. వేగం 20 కిలోమీటర్లు దాటితే హోరు మొదలవుతుంది, తొక్కిన బలమంతా రోడ్డే మింగేస్తున్నట్టు ఉంటుంది. వెనక టైరు మధ్య గుబ్బలు అప్పుడే అరిగి అంచులు గుండ్రబడ్డాయి.

గాలిని 40 నుంచి టైరుపై రాసిన గరిష్ఠ పరిమితి 65 పీఎస్‌ఐకి పెంచాను. ముందు చక్రం ఫోర్కు (కుదుపులు తగ్గించే సస్పెన్షన్) కదలకుండా లాక్ చేశాను. కాస్త తేలికైంది గానీ హోరు తగ్గలేదు, పైగా గుంతల్లో చేతులు అదిరిపోతున్నాయి. బేరింగుల్లో, బ్రేకుల్లో రాపిడి లేదని మెకానిక్ చెప్పాడు.

అందుకే గుబ్బల్లేని నున్నటి టైర్లు వేద్దామనుకుంటున్నాను. రిమ్ లోపలి వెడల్పు 21 మిల్లీమీటర్లు కాబట్టి 1.5, 1.75 అంగుళాల వెడల్పువి రెండూ పడతాయి. సన్నటి టైరు తేలికే, కానీ వానాకాలంలో నీళ్ల కింద గుంత కనబడదు. రిమ్ వంగుతుందేమోనని నా భయం.

ఇలాంటి రోడ్లపై రెండూ వాడినవారు చెప్పండి: 80 కిలోల మనిషి ఏది తీసుకోవాలి?