చిన్నోడికి రెండేళ్ల క్యాన్సర్ చికిత్స: మేం ఎట్ల తోడుండాలె?

మా చెల్లె కొడుక్కి ఆరేళ్లు. జ్వరం ఎంతకూ తగ్గకపోతే హన్మకొండలో చూపించినం. హైదరాబాద్‌లో లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ అని తేల్చిన్రు. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ రకం. చాలామంది పిల్లలకు నయమవుతుందట గానీ చికిత్స రెండేళ్ల పైమాటే. ఆరోగ్యశ్రీ ఉంది. కాజీపేట నుంచి రైల్లో రాయితీ ఉంది, స్లీపర్‌లో బాబుకు పూర్తిగా, తోడు ఒకరికి 75 శాతం. డబ్బు సంగతి ఎట్లనో నడుస్తోంది.

నడవనిది ఇల్లు. బావ ఆటో సగం రోజులు బయటికే తీస్తలేడు. పెద్దపిల్ల నాలుగో తరగతి, పరకాలలో మా దగ్గరుంటోంది. నిన్న రాత్రి అడిగింది: "మామా, నాకు గూడ జ్వరమొస్తే అమ్మ వస్తదా?" నాకు నోట మాట రాలే. ఇట్లాంటి పిల్లకు ఏం చెప్పాలె, ఎంత చెప్పాలె?

ఇంకోటి, చుట్టాలు. రక్తకణాలు తగ్గినప్పుడు జనాన్ని రానీయొద్దని డాక్టర్లు చెప్పిన్రు. వీళ్లేమో బస్సు దిగి నేరుగా మంచం మీదే కూసుంటరు, పిల్లోని ముందే ఏడుస్తరు. మనసు నొప్పించకుండా ఎట్ల ఆపాలె?

చెల్లెను ఏం కావాలని అడిగినా "ఏమొద్దన్నా" అనే అంటది. ఇది దాటొచ్చినోళ్లు చెప్పున్రి, మీకు అప్పుడు ఎవరు చేసిన ఏ పని నిజంగా అక్కరకొచ్చింది?