యూఎన్ డే స్టాల్‌కి పులిహోర ఫారం మళ్లీ మళ్లీ వెనక్కి వస్తోంది, ఏం రాయాలో ఎవరైనా చెప్పండి ప్లీజ్

చింతచిగురు:
సాయంత్రం నుంచి దీని ముందే కూర్చున్నాను. ఇంక నా వల్ల కావట్లేదు. మా పాప ఇంటర్నేషనల్ స్కూల్లో ఐదో తరగతి. అక్టోబర్ 24న యూఎన్ డే, అంటే ఐక్యరాజ్యసమితి దినోత్సవం. ఒక్కో దేశం తల్లిదండ్రులు ఒక్కో స్టాల్ పెట్టాలి. ఇండియా స్టాల్‌లో నా వంతుకి పులిహోర వచ్చింది, నలభై మందికి. వంటకం వివరాలు స్కూల్ యాప్‌లో పంపాలి, ఈ శుక్రవారమే ఆఖరు. పదార్థాల గడిలో అన్నం, చింతపండు, పసుపు, ఉప్పు, నూనె అని రాశాను. కింద అలర్జీల పట్టికలో "ఏవీ లేవు" అని టిక్ పెట్టాను. పోయిన సంక్రాంతికి చేసిన పులిహోర ఫోటో కూడా జత చేశాను. పంపగానే వెళ్తుంది, కాసేపటికి "అసంపూర్ణం" అని తిరిగి వస్తుంది. ఏది అసంపూర్ణమో ఒక్క ముక్క చెప్పరు. పిల్లల సెలవులు రేపే మొదలు, ఆఫీసులో ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు. యాప్‌లో ఏం సెట్టింగ్ మార్చాలి?

కోనసీమ కుర్రాడు:
ఫోటో సైజు ఎక్కువైతే ఇలాగే అవుతుందండీ. ఐఫోన్‌లో తీసిన ఫోటోలు హెచ్ఈఐసీ ఫార్మాట్‌లో ఉంటాయి, కొన్ని యాప్‌లు తీసుకోవు. జేపెగ్‌లోకి మార్చి, యాప్ కాష్ క్లియర్ చేసి, మళ్లీ లాగిన్ అయ్యి పంపి చూడండి. బ్రౌజర్‌లో తెరిస్తే ఇంకా మంచిది.

చింతచిగురు:
అవన్నీ అయ్యాయి తమ్ముడూ. ల్యాప్‌టాప్‌లో కూడా అంతే. అసలు ఫోటో లేకుండా పంపినా వెనక్కే వచ్చింది.

డాలస్ బాబాయ్:
అమ్మా, ఇది యాప్ గొడవ కాదు. అలర్జీ పట్టిక దగ్గరే ఆగుతోంది. చట్టం చెప్పేవి తొమ్మిదే: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల్లాంటివి, చెట్టు గింజలు అంటే జీడిపప్పు బాదం వగైరా, పల్లీలు, గోధుమ, సోయా, నువ్వులు. నువ్వులు 2023 జనవరి 1 నుంచి చేరాయి. పులిహోరలో పల్లీ వేస్తే అది ఒక్కటి టిక్ పెట్టు, చాలు. ఆవాలు ఆ లిస్టులో లేవు, వాటి జోలికి పోకు. నూనె బాగా రిఫైన్ చేసినదైతే అదీ చెప్పక్కర్లేదు. మా అమ్మాయి స్కూల్లో ఏటా ఇలాగే చేస్తున్నాం.

రవ్వలడ్డు:
ఏ దేశం? పోపులో ఏమేశారు?

చింతచిగురు:
నెదర్లాండ్స్, ఆమ్‌స్టెల్‌వీన్. పోపంటే మామూలు పోపేనండీ. ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, పల్లీలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ. అందరూ వేసేదేగా. పోపు లేకుండా పులిహోర ఎవరు చేస్తారు? అదీ రాయాలా?

రవ్వలడ్డు:
రాయాలి.

వంటింటి లెక్క:
బాబాయ్ గారు చెప్పింది అమెరికా లెక్క. యూరప్‌లో పట్టిక వేరు, 14 ఉంటాయి. గోధుమ, బార్లీ లాంటి గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, సోయా, పాలు, చెట్టు గింజలు, సెలరీ, ఆవాలు, నువ్వులు, సల్ఫైట్లు (పాడవకుండా వేసే రసాయనాలు), లుపిన్ (ఒక రకం పప్పుజాతి గింజ), ఆల్చిప్పల జాతి. మీ పోపు ఆ పట్టికతో కలిపి చూడండి.

ఆవాలు పట్టికలో ఉన్నాయి, టిక్ పెట్టాలి. పల్లీలు ఉన్నాయి, టిక్. మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు పట్టికలో లేవు, కానీ పదార్థాల గడిలో రాయాలి. ఇంగువ దగ్గర చాలామంది బోల్తా పడతారు. డబ్బాలో దొరికే పొడి ఇంగువలో సగానికి సగం పిండే ఉంటుంది. చాలా బ్రాండ్లలో అది గోధుమ పిండి. డబ్బా వెనక చదవండి, డచ్ లేబుల్ అయితే "టార్వె" అంటే గోధుమ. అలా ఉంటే గ్లూటెన్ టిక్ కూడా పెట్టాలి. ముద్ద ఇంగువైనా సరే, లేబుల్ చూశాకే.

ఇక "నూనె" అని ఊరుకుంటే కుదరదు. ఏ నూనె? మన ఇళ్లల్లో పులిహోరకి నువ్వుల నూనో పల్లీ నూనో వాడతాం. రెండూ పట్టికలోవే. పల్లీ నూనె ఎంత రిఫైన్ చేసినా యూరప్‌లో మినహాయింపు లేదు. పొద్దుతిరుగుడు నూనె అయితే ఏ గొడవా లేదు, అక్కడ అన్ని షాపుల్లో అదే ఉంటుంది. చింతపండు గుజ్జు సీసాలో కొన్నదా, మీరు నానబెట్టి తీసిందా? సీసా అయితే సల్ఫైట్ వేశారేమో లేబుల్ చూడండి. కిలోకి 10 మిల్లీగ్రాములు దాటితే చెప్పి తీరాలి.

మీరు అయిదు పదార్థాలు రాశారు, ఫోటోలో పన్నెండు కనపడి ఉంటాయి. అందుకే వెనక్కి పంపుతున్నారు.

నిడదవోలు:
ఆవాలు వేరు, మస్టర్డ్ వేరు కదండీ. మస్టర్డ్ అంటే వాళ్లు సాసేజ్ మీద వేసుకునే పసుపుపచ్చ సాస్. వేయించిన నాలుగు గింజలకి ఇంత రాద్ధాంతమా?

వంటింటి లెక్క:
ఆ సాస్‌ని చేసేదే ఆవాలతో. గింజ, పొడి, నూనె, సాస్ ఏ రూపంలో ఉన్నా పట్టిక దృష్టిలో ఒకటే. వేయించినంత మాత్రాన అలర్జీ కలిగించే ప్రొటీన్ పోదు.

నిడదవోలు:
సరే, పల్లీ అసలు నట్ కాదు. అది పప్పుజాతి. నట్స్ లేవు అని రాస్తే అబద్ధం కాదుగా.

వంటింటి లెక్క:
వృక్షశాస్త్రంలో మీరు చెప్పింది నిజమే. అందుకే పట్టికలో రెండిటికీ వేరువేరు గళ్లు ఇచ్చారు. చింతచిగురు గారూ, మీ స్కూల్ నట్స్ నిషేధించిన స్కూలా? చాలా స్కూళ్లు నట్స్ వద్దు అన్నప్పుడు పల్లీని కూడా కలిపే చెబుతాయి. అలాగైతే టిక్ పెట్టినా ఒప్పుకోరు, అసలు వేయకుండా చేయాలి.

చింతచిగురు:
అవునండీ, మొదటి రోజే చెప్పారు, డబ్బాల్లో పిండాకాస్ పెట్టొద్దని. అది బ్రెడ్ మీద రాసుకునే పల్లీ వెన్న గురించే అనుకున్నాను. పల్లీలు తీసేస్తే ఇంక పులిహోరలో ఏముంటుంది చెప్పండి?

పెరటిజామ:
నేను పెద్దగా ఈ చర్చల్లో రాయను. కానీ "నాలుగు గింజలకి ఇంత రాద్ధాంతమా" అన్నారు చూడండి, దానికి జవాబు చెప్పాలి.

మా బాబుకి పల్లీ పడదు. స్కూల్ బ్యాగులో అడ్రినలిన్ పెన్ను, అంటే అలర్జీ ముదిరితే వెంటనే గుచ్చే ఇంజెక్షన్, ఎప్పుడూ ఉంటుంది, రెండోది క్లాస్ టీచర్ అలమరాలో. కిందటేడు ఒక పుట్టినరోజు పార్టీలో ఎవరో అమ్మ ఎంతో ప్రేమగా చేసిన ఉప్మా తిన్నాడు. అందులో పల్లీలు కనపడలేదు. పొడి కొట్టి కలిపారట. పది నిమిషాల్లో పెదవులు ఉబ్బాయి, గొంతు పట్టేసింది. పెన్ను గుచ్చి అంబులెన్స్ పిలిచారు, బతికి బయటపడ్డాడు. ఆ అమ్మని ఏమనగలను? అందరూ వేసేదేగా అనుకుంది ఆవిడ కూడా.

మనం ఫారంలో రాసే ఆ ఒక్క పదం చదివే నా బిడ్డకి ప్లేటు ఇవ్వాలా వద్దా అని టీచర్ నిర్ణయిస్తుంది. వాడికి మన వంట తెలుసు కాబట్టి అడుగుతాడు. పక్కన ఉన్న కొరియా పిల్లకో బ్రెజిల్ పిల్లాడికో పోపు అనేది ఒకటుంటుందని కూడా తెలియదు. అన్నం పసుపుపచ్చగా ఉంది, తింటారు. దయచేసి మొత్తం రాయండి. ఇంకొకటి, పల్లీలు వేయించిన మూకుడు, గరిటె సబ్బుతో బాగా కడిగాకే దీనికి వాడండి. స్టాల్‌లో ఒక్కో గిన్నెకి ఒక్కో గరిటె ఉంచండి. పక్క గిన్నెలో గరిటె మీ గిన్నెలో పెడితే మీరు రాసిన కాగితానికి విలువుండదు.

నిడదవోలు:
సారీ అండీ. మీ బాబు సంగతి తెలియదు.

ధారా శుద్ధి:
ఒక విషయం స్పష్టం చేయాలి. ఆ 14 పదార్థాల నియమం యూరోపియన్ యూనియన్ 1169/2011 నిబంధనలోది, 2014 డిసెంబర్ 13 నుంచి అమల్లో ఉంది. అది ఆహార వ్యాపారాలకి. ధార్మిక కార్యక్రమాల్లో, ఊరి సంతల్లో అప్పుడప్పుడు వండి పెట్టే మామూలు మనుషులకి అది వర్తించదని ఆ నిబంధన ఉపోద్ఘాతంలోనే ఉంది. కాబట్టి స్కూల్ మిమ్మల్ని చట్టం పేరుతో ఒత్తిడి చేయలేదు.

రవ్వలడ్డు:
స్కూల్ వాళ్లు చట్టం పేరు ఎత్తలేదు. స్కూల్ సొంత షరతు.

ధారా శుద్ధి:
షరతు పెట్టే హక్కు ఉంది. ఆధారం చట్టమని చెప్పుకుంటే తప్పంటున్నాను, అంతే.

మంజీర గట్టు:
అసలు ప్రశ్న వేరే అని నా అభిప్రాయం. ఏటా ఈ సీజన్‌లో ఇదే తంతు. జెండాలు పట్టుకుని ఊరేగింపు, ఒక డాన్స్, ఆ తర్వాత తిండి. ఐక్యరాజ్యసమితి చార్టర్ 1945 అక్టోబర్ 24న అమల్లోకి వచ్చింది కాబట్టి ఆ రోజు జరుపుతున్నాం. ఇండియా అప్పటికి స్వతంత్రం కాకపోయినా వ్యవస్థాపక సభ్యదేశం. ఈ ముక్క ఎంతమంది పిల్లలకి చెబుతున్నాం? 1924లో జెనీవాలో ఇంటర్నేషనల్ స్కూల్ మొదలైందే ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితిలోను, అంతర్జాతీయ కార్మిక సంస్థలోను పనిచేసేవాళ్ల పిల్లల కోసం. దేశాల మధ్య అవగాహన అన్న ఆలోచన అక్కడిది. ఇప్పుడేమో హైదరాబాద్ చుట్టుపక్కల ఏసీ బస్సు ఉంటే చాలు, ఇంటర్నేషనల్ అని బోర్డు పెడుతున్నారు. ఐబీ లేదు, కేంబ్రిడ్జ్ లేదు, అంటే అంతర్జాతీయ సిలబస్ ఏదీ లేదు. పేరు మటుకు ఉంది.

చింతచిగురు గారూ, పులిహోర పెట్టండి, వద్దనను. పక్కన మీ పాపని కూర్చోబెట్టి, వచ్చిన ప్రతి పిల్లకి వాళ్ల పేరు తెలుగు అక్షరాల్లో రాసి ఇమ్మనండి. దానికి ఏ ఫారమూ అక్కర్లేదు. ఇంటికి తీసుకెళ్లి గోడకి అంటించుకుంటారు.

ఓరుగల్లు ఆడబిడ్డ:
మంజీర గట్టు అన్న చెప్పింది మంచిగుంది. నేనైతే బతుకమ్మ పేర్చమంట అక్కా. తంగేడు, గునుగు అక్కడ దొరకయి గానీ బంతి, చామంతి, డాలియాలు ఈ నెలల మస్తు దొరుకుతయ్. ఇత్తడి తాంబాళం పెట్టుకొని వరుస వరుస పేర్చుడు పిల్లలకు నేర్పిస్తే అందరు దేశాలోళ్లు వచ్చి చేతులు కలుపుతరు. అలర్జీ లొల్లి లేదు.

పాకాల:
సద్దులు అయిపోయినంక బతుకమ్మ పేర్చుడేంది చెల్లె? పెత్రమాస నుంచి దుర్గాష్టమి దాకనే గద. ఇష్టమొచ్చిన తారీఖు పెట్టి ఆడితె అది బతుకమ్మ గాదు, షో అయితది.

ఓరుగల్లు ఆడబిడ్డ:
పండుగ జేయమంటలేను, చూపించమంటున్న. మన పిల్లలకు అది కూడా లేకపోతె ఎట్ల? ఆడ పుట్టిన పిల్లలు పూలు జూసి అయినా అడుగుతరు, ఇదేంది అని.

పాకాల:
చూపించుడు వేరు, సరే. పాట ఆడ్డంగ పాడియ్యకుర్రి మటుకు.

గుంటూరు గోంగూర:
మధ్యలో నాదొక సందేహం. మేమూ అక్కడే, రోటర్‌డామ్ దగ్గర. దీపావళి స్కూల్ రోజు పడితే సెలవు ఇస్తారా? తరగతులు ఉన్న రోజుల్లో ఊరికే మానిపిస్తే జరిమానా అని భయపెడుతున్నారు.

ధారా శుద్ధి:
డచ్ నిర్బంధ విద్యా చట్టం ప్రకారం మత సంబంధమైన పండుగకి సెలవు హక్కు ఉంది, మామూలుగా ఒక్కో పండుగకి ఒక రోజు. కనీసం రెండు రోజుల ముందు స్కూల్‌కి తెలియజేయాలి. అది అనుమతి కోరడం కాదు, తెలియజేయడం. విమానం టికెట్ చవకగా వస్తుందని మానిపిస్తే మాత్రం జరిమానాయే.

గుంటూరు గోంగూర:
అయితే రేపే మెయిల్ పెడతాను.

వంటింటి లెక్క:
అసలు ప్రశ్నకి వద్దాం. పల్లీలు తీసేస్తే ఏముంటుంది అన్నారు. కరకరలాడే రుచి శనగపప్పు ఇస్తుంది. మామూలుగా వేసే దానికంటే రెట్టింపు వేసి, కాస్త ఎక్కువసేపు దోరగా వేయించండి. ఆవాల బదులు జీలకర్ర, మెంతులు చిటికెడు. ఇంగువ మానేసి, అల్లం సన్నగా తరిగి వేస్తే వాసన లోటు తెలియదు. పొద్దుతిరుగుడు నూనె. ఇంట్లో నానబెట్టిన చింతపండు. అప్పుడు 14లో ఒక్క గడి కూడా టిక్ పెట్టక్కర్లేదు, "ఏవీ లేవు" అన్న మీ మాట నిజమవుతుంది. జీలకర్ర, మెంతుల పొట్లాల మీద "కాన్ స్పోరెన్ బెవాటెన్" అని ఉంటే ఆనవాళ్లు ఉండొచ్చని అర్థం, ఏవి రాశారో చూసుకోండి. అన్నీ పేర్లతో రాయండి, పోపుతో సహా. సంక్రాంతి ఫోటో తీసేయండి. అది వేరే పులిహోర.

అన్నం గురించి కూడా. ముందు రోజు వండి బయట వదిలేయొద్దు. ఉదయమే చేసి, వేడిగా అయితే 60 డిగ్రీలకి పైన, చల్లగా అయితే 7 డిగ్రీల లోపు ఉంచమంటారు అక్కడ. పులుపు ఉంది కదా ఆగుతుంది అని మన ఇళ్లల్లో అనుకునే ధీమా నలభై మంది పిల్లల దగ్గర వద్దు.

డాలస్ బాబాయ్:
జీలకర్ర పోపుతో పులిహోరా? దేవుడి ప్రసాదంలో ఆవాలు లేకపోతే ఎలా అమ్మా. ఉండ్రాళ్లు పెట్టుకో, బియ్యం రవ్వ, శనగపప్పు, జీలకర్ర. అందులో ఎలాగూ ఏమీ ఉండవు. అది కూడా మన వంటే.

పెరటిజామ:
బాబాయ్ గారి ఉండ్రాళ్ల మాట నాకు నచ్చింది. మా బాబు రెండు ప్లేట్లు తింటాడు.

రవ్వలడ్డు:
శుక్రవారం లోపల పంపండి ముందు.

చింతచిగురు:
జీలకర్ర పోపుతో రాసి పంపాను, ఇందాకే ఆమోదం వచ్చింది. అందరికీ థాంక్స్. పేర్లు తెలుగులో రాసే ఐడియా మా పాపకి బాగా నచ్చింది, స్కెచ్ పెన్నులు తీసి కూర్చుంది.

గుంటూరు గోంగూర:
నవంబర్ 11 సింట్ మార్టెన్‌కి పిల్లలు లాంతర్లు పట్టుకుని ఇంటింటికీ వస్తారట కదా. వాళ్లకి ఇచ్చే చాక్లెట్ల మీద కూడా ఈ 14 చూసుకోవాలా? విడివిడి పొట్లాల్లో పల్లీ లేనివి ఎక్కడ దొరుకుతాయో తెలిసినవాళ్లు చెప్పండి.