అమ్మ కంటి రెప్ప లోపలికి మడతపడుతుంది: వట్టి కుట్లు చాలా, బిగించే ఆపరేషనే చేయించాల్నా?

మాది దేవరకొండ. అమ్మకు 71 ఏండ్లు. కుడికన్ను కింది రెప్ప లోపలికి మడతపడి వెంట్రుకలు నల్లగుడ్డుకు గీరుకుంటున్నయి. పొద్దస్తమానం నీళ్లే. రెప్పను కిందికి లాగి చెంపకు ప్లాస్టర్ అంటిస్తే కాసేపు నిమ్మళం, చెమటకు ఊడిపోతది. రెండుసార్లు వెంట్రుకలు పీకించినం, మళ్లా మొలిచినయి.

నల్గొండల డాక్టరు మూడు కుట్లేస్తే చాలన్నరు. హైదరాబాద్‌ల ఇంకొకరేమో వయసుకు రెప్ప సాగింది, వట్టి కుట్లయితే మళ్లా మడతపడొచ్చు, కంటి చివర కోసి రెప్పను ఎముక అంచుకు బిగించాలె అన్నరు. రెండూ అక్కడికే మత్తుసూది ఇచ్చి చేసేవేనట. కోసేది రెప్పకే, కంటికి కాదని అమ్మకు చెప్పి చెప్పి అలిసిన.

మీ ఇండ్లల్ల పెద్దోళ్లకు ఈ బిగించే ఆపరేషన్ చేయించిన్రా? వాపు ఎన్నిరోజులున్నది? అమ్మ గుండెకు ఎకోస్ప్రిన్ (రక్తం గడ్డకట్టకుండ ఇచ్చే గోలి) వాడుతది. మీవాళ్లకు ఆపమన్నరా, గుండె డాక్టర్‌ను అడిగి రమ్మన్నరా?