పెట్టెల ఆటలో మా కుక్క వాసన వదిలేసి నా ముఖం చూస్తోంది: ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

ప్రశ్న: కాకినాడ_సహస్ర

అందరికీ నమస్కారం. రెండేళ్ల కిందట మా వీధి చివర వానలో తడుస్తూ కనిపించిన ఆడ కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకొని మల్లి అని పేరు పెట్టుకున్నాము. అది పూర్తిగా మన ఊర జాతికి చెందినది. మేమిద్దరమూ ఉద్యోగాలకు వెళ్లడం వల్ల పగలంతా దానికి ఏమీ తోచక, చెప్పులు కొరకడమూ గేటు ముందు ఆగిన ప్రతి బండినీ చూసి మొరగడమూ అలవాటు చేసుకుంది. మేము చూపించే పశువైద్యులు, నడక ఒక్కటే చాలదని, ముక్కుతో వెతికే ఆటలు రోజూ ఆడించమని సలహా ఇచ్చారు.

ఆరు అట్టపెట్టెలు వరుసగా పెట్టి, వాటిలో ఒకదానిలో ఉప్పూ కారమూ లేకుండా ఉడికించిన కోడిమాంసం ముక్క దాచి వెతికించడం మొదలుపెట్టాను. మొదటి వారం మల్లి ఎంతో ఉత్సాహంగా వెతికింది. పెట్టెలకు మూతలు వేయడం మొదలుపెట్టినప్పటి నుంచి మాత్రం రెండు పెట్టెలు వాసన చూసి, అక్కడే ఆగి, నా ముఖంలోకి చూస్తోంది. నేను "వెతుకు, వెతుకు" అంటూ సరైన పెట్టె వైపు ఒక అడుగు వేస్తే నేరుగా అక్కడికే వెళుతోంది. నాకు తెలియకుండా మా అబ్బాయి దాచిన రోజున అసలు వెతకనే లేదు.

దీనికి తోడు మరో రెండు సందేహాలు ఉన్నాయి. పోలీసు జాగిలాలకు బంతిని బహుమతిగా ఇస్తారని విన్నాను కానీ, మల్లికి బంతి మీద ఏమాత్రం ఆసక్తి లేదు. అలాగే, తిండి వెతకడం బాగా వచ్చాక ఏదో ఒక ప్రత్యేకమైన వాసనను గుర్తుపట్టడం నేర్పాలని ఉంది. దానికి లవంగాలు వాడవచ్చునా? ఆటలతో నేర్పితే కుక్కకు ఆటబుద్ధే మిగులుతుందని, నిజమైన జాగిలాలకు కఠినమైన క్రమశిక్షణతోనే నేర్పుతారని మా అన్నయ్య అంటున్నారు. ఆ మాటలో నిజమెంతో కూడా అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత_హ్యాండ్లర్

సహస్ర గారూ, ఒక జిల్లా డాగ్ స్క్వాడ్‌లో పదకొండేళ్లు హ్యాండ్లర్‌గా, అంటే జాగిలాన్ని వెంట నడిపించే వాడిగా, పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వాడిని. ముందుగా మీ అన్నయ్య గారి సందేహానికి జవాబు చెబుతాను, ఎందుకంటే తక్కినదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

పేలుడు పదార్థాన్ని వెతికే జాగిలానికి పేలుడు పదార్థం అంటే ఏమిటో తెలియదు. ఆ వాసన ఎక్కడ ఉంటే అక్కడ తన బంతి దొరుకుతుందన్నది ఒక్కటే దానికి తెలుసు. రైల్వే స్టేషన్‌లో సామానుల మధ్య అది వెతుకుతున్నది ఆ బంతినే. అందువల్ల శిక్షణకు కుక్కను ఎంపిక చేసే రోజునే, ఎత్తైన గడ్డిలోకి బంతి విసిరి, అది కంటికి కనిపించకుండా పోయాక కూడా ఎంతసేపు పట్టు విడువకుండా వెతుకుతుందో చూస్తారు. ఆ పట్టుదలను బెదిరించి తెప్పించలేము. కూర్చోవడం, పిలిస్తే రావడం వంటివి క్రమశిక్షణలో భాగమే. ముక్కు పని మాత్రం కుక్క తన ఇష్టంతో చేసేది, ఎందుకంటే ఎటు వెళ్లాలో దానికే తెలుస్తుంది గానీ మనకు తెలియదు.

మనుషుల కోసం శిథిలాల్లో వెతికే జాగిలాలకు ఓనమాలు దాగుడుమూతలే. పరిచయమున్న మనిషి కుక్క చూస్తుండగా బొమ్మ పట్టుకొని పరుగెత్తి దాక్కుంటాడు, కుక్క అతన్ని చేరి మొరిగితే ఇద్దరూ కలిసి ఆ బొమ్మతో ఆడతారు. కొన్నాళ్లకు అతను ఎటు వెళ్లాడో చూడనివ్వరు, ఆ తర్వాత పరిచయం లేని మనిషి దాక్కుంటాడు. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపం వచ్చినప్పుడు మన జాతీయ విపత్తు ప్రతిస్పందన దళంతో వెళ్లిన జూలీ అనే లాబ్రడార్, నుర్దాగి పట్టణంలో కూలిన భవనం కింద ఆరేళ్ల పాప ప్రాణాలతో ఉన్న చోటును మొరిగి చూపిన సంగతి మీరు చదివే ఉంటారు. రోమియో అనే మరో లాబ్రడార్‌ను తెచ్చి చూపిస్తే అది కూడా అదే చోట మొరిగింది. ఆ వార్త విన్న రోజున నాకు కళ్లు చెమర్చాయి.

ఇక మల్లి మీ ముఖం చూడడం గురించి. తప్పు దానిది కాదు. మూతలు వేయగానే ఆట ఒక్కసారిగా కష్టమైంది, అదే సమయంలో మీ అడుగు, మీ చూపు, మీ గొంతు దానికి సులువైన దారి చూపించాయి. ముక్కుతో కష్టపడడం కన్నా మిమ్మల్ని చదవడం తేలికని అది తెలుసుకుంది. అనుభవం ఉన్న హ్యాండ్లర్లకు కూడా ఇది జరుగుతుంది. కాలిఫోర్నియాలో జాగిలమూ హ్యాండ్లరూ కలిసిన 18 జట్ల మీద జరిపి 2011లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఎక్కడా మాదకద్రవ్యం గానీ పేలుడు పదార్థం గానీ పెట్టకుండానే, ఎర్ర కాగితం అంటించిన చోట వాసన ఉందని హ్యాండ్లర్లను నమ్మించారు. మొత్తం 144 సార్లు వెతికిస్తే, ఏమీ లేదని సరిగ్గా తేలినవి 21 మాత్రమే. తప్పు సూచనలు ఎక్కువగా ఎర్ర కాగితం ఉన్న చోట్లే వచ్చాయి. నా సొంత అనుభవం కూడా చెప్పాలి. శిక్షణ పూర్తయిన కొత్తలో నా జాగిలం బ్రూనో ఒక గోదాములో ఖాళీ డ్రమ్ము ముందు, వాసన దొరికిందన్నట్టు కూర్చుంది. ఆ డ్రమ్ము మీద నాకు అనుమానం ఉండి, అక్కడ రెండు క్షణాలు ఎక్కువగా నిలబడ్డాను. నేను అలా ఆగడాన్నే అది నమ్మింది. ఆ రోజు నుంచి సమానమైన నడకతో, ఎక్కడా ఆగకుండా నడవడం నేనే సాధన చేశాను.

కాబట్టి మూతలు తీసేసి, తెరిచిన పెట్టెల ఆటకే వెనక్కి వెళ్లండి. బహుమతి మీ చేతి నుంచి కాకుండా పెట్టెలోనే దొరకాలి, అప్పుడే పెట్టె ముఖ్యమై మీరు అప్రధానమవుతారు. గదిలోకి వదిలేటప్పుడు ఒక్కసారి మాత్రమే మాట చెప్పి, ఆపై పెదవి విప్పకండి. ఆ ఆటలో మీరు అరటిపండు లాంటి వారు. మల్లి ఆగి మీ ముఖం చూస్తే గోడ వైపో కిటికీ వైపో చూడండి, జాలిపడి సాయం చేయకండి. కొన్ని క్షణాల తర్వాత అది మళ్లీ ముక్కు దించుతుంది, ఆ క్షణం కోసమే మీరు ఓపిక పట్టాలి. పెట్టె దొరికాక మెచ్చుకోవడానికి మాత్రం లోటు చేయకండి. మూడుసార్లు గెలిచాక, ఇంకా ఆడాలని దానికి ఉన్నప్పుడే ఆపేయండి.

బంతి ఇష్టం లేకపోవడం లోపం కాదు. బహుమతి ఏదన్నది కుక్కే నిర్ణయిస్తుంది, తిండితో నేర్చుకున్నవి కూడా ఎన్నో ఉన్నాయి. ఊర జాతి అని కూడా సందేహించకండి, ఉత్తరాఖండ్ పోలీసులు థెంగా అనే వీధికుక్కకు శిక్షణ ఇచ్చి తమ జాగిలాల్లో చేర్చుకున్నారు.

జవాబు: న్యూజెర్సీ_నుంచి_పద్మ

పైన చెప్పిన దానికి ప్రత్యేకమైన వాసన గురించి కొంత చేరుస్తాను. ఇక్కడ అమెరికాలో పెంపుడు కుక్కల కోసం దీన్నొక క్రీడగా 2006లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టారు. వృత్తిరీత్యా జాగిలాలకు శిక్షణ ఇచ్చిన ముగ్గురు దాన్ని రూపొందించారు. అందులో బిర్చ్ చెట్టు నూనె, ఆనిస్ (సోంపు లాంటి వాసన గల గింజ) నూనె, లవంగ నూనె లక్ష్య వాసనలు. మా కుక్క ఈ తరగతులకు వెళ్లడం మొదలుపెట్టాక, కొత్తవాళ్లను చూస్తే మంచం కింద దూరే అలవాటు తగ్గింది. పారిస్‌లోనూ న్యూయార్క్‌లోనూ పనిచేసే ఇద్దరు పరిశోధకులు 2019లో ప్రచురించిన ప్రయోగంలో, రెండు వారాలు ముక్కు ఆటలు ఆడిన కుక్కలు, తిండి ఉందో లేదో తెలియని గిన్నె వైపు మునుపటి కన్నా త్వరగా, ఆశతో వెళ్లాయి. యజమాని పక్కన క్రమంగా నడవడం మాత్రమే సాధన చేసిన కుక్కలలో ఆ మార్పు కనిపించలేదు. పగలంతా ఒంటరిగా ఉండే మల్లికి ఇది మేలు చేస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అయితే లవంగాలు మన ఇళ్లకు తగిన లక్ష్యం కాదని నా అభిప్రాయం. పోపుల పెట్టెలోనూ, బిర్యానీలోనూ, ఒక్కోసారి టూత్‌పేస్టులోనూ అదే వాసన ఉన్నప్పుడు, వంటగది వైపు తిరిగిన ప్రతిసారీ కుక్క సరిగ్గానే చెబుతుంది, మనం తప్పని అంటాము. వేసవి కూలర్‌లో వాడకపోతే మీ ఇంట్లో వట్టివేళ్లు తీసుకోవచ్చు. నాలుగు పోగులను చిన్న గుడ్డలో చుట్టి, చిల్లులు పొడిచిన రేకు డబ్బాలో పెట్టండి, మల్లి నోటికి అందకూడదు. బట్టల అలమరలో ఉండే కలరా ఉండలు గట్టి వాసన వేస్తాయని ఎవరైనా సూచిస్తే దయచేసి వినకండి, అవి కుక్కకు విషం.

కొన్ని రోజులు ఆ డబ్బా మీదనే మాంసం ముక్క పెట్టి వెతికించండి. తర్వాత డబ్బా మాత్రమే దాచి, మల్లి దాని దగ్గర ముక్కు ఆనించగానే, అక్కడే, ఆ డబ్బా పక్కనే ముక్క పెట్టండి. తక్కిన పెట్టెల్లో ఖాళీ గుడ్డ ఉన్న డబ్బాలు పెట్టడం మరువకండి, లేకపోతే అది రేకు వాసననే నేర్చుకుంటుంది. మొదట ఖాళీ డబ్బాలను సర్ది, వట్టివేళ్ల డబ్బాను చివరగా ముట్టుకోండి. ఒకసారి వట్టివేళ్లు ఉంచిన అట్టపెట్టెను ఖాళీ పెట్టెగా ఎన్నడూ వాడకండి. మేము ఈ జాగ్రత్త పాటించక నెల రోజులు పోగొట్టుకున్నాము. మా కుక్క వెతుకుతున్నది నా చేతి వాసననని చాలా ఆలస్యంగా గ్రహించాము.

జవాబు: హనుమకొండ_శరత్

ఆడించేటప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపండి. వాసన దాచిన చోటు నుంచి గాలి వాలు వైపు విచ్చుకుంటూ వ్యాపిస్తుంది, కుక్క అడ్డంగా అటూ ఇటూ నడుస్తూ ఆ అంచులను పట్టుకొని మూలానికి చేరుతుంది. ఫ్యాను తిరిగితే వాసన గదంతా చెదిరి, ఎదుటి గోడ మూలన పేరుకుంటుంది. మా కుక్క వారం పాటు ఖాళీ మూలనే పట్టుకొని కూర్చుంటే తప్పు దానిదే అనుకున్నాను. ఇంకొక సంగతి, నాలుక చాచి రొప్పుతున్న కుక్క ముక్కుతో సరిగ్గా వాసన చూడలేదు. మన ఎండల్లో ఉదయం ఏడు లోపే ఆడించి, పక్కన నీళ్లు ఉంచండి.

కాకినాడ_సహస్ర

మీ ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మూతలు తీసి, ఫ్యాను ఆపి, నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డ మొదటి రోజున మల్లి దాదాపు నిమిషం సేపు నా వైపే చూసింది, ఒకసారి వచ్చి నా చేతిని కూడా నాకింది. కదలకుండా ఉండడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. తర్వాత ముక్కు దించింది. నాలుగో రోజుకు నా వైపు చూడడం మానేసింది. నిన్న మా అబ్బాయి నాకు చెప్పకుండా సోఫా వెనుక పెట్టె దాస్తే, గుమ్మం దగ్గర తల చటుక్కున తిప్పి, నేరుగా అక్కడికే వెళ్లింది. మా అన్నయ్య కూడా ఆ సమయంలో ఇక్కడే ఉన్నారు. వట్టివేళ్లు ఎప్పుడు మొదలుపెట్టమంటారు?

విశ్రాంత_హ్యాండ్లర్

గుమ్మం దగ్గర తల అలా తిప్పిందంటే వాసన అంచు అక్కడే తగిలింది. దాన్ని గుర్తుపట్టడం మీకు కూడా వచ్చింది, సంతోషం. ఇంకొక వారం తిండితోనే, గది మార్చి, మెట్ల దగ్గరా మేడ మీదా వెతికించండి. మూడు కొత్త చోట్ల మీ వైపు చూడకుండా వెతికితే వట్టివేళ్ల డబ్బా బయటికి తీయండి. మొదటి రోజున తెరిచిన పెట్టెలతోనే మొదలుపెట్టండి.