సమస్య: "ఆకసము నేల విడి యెక్కె నాకసమును"

నిర్వాహకుడు: ఇచ్చిన ఈ పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి. ఈ వారం ఛందస్సు తేటగీతి. విషయం విమాన విధ్వంసక క్షిపణులు. నేల మీదివైనా సరే, ఓడల మీదివైనా సరే. ఆకాశం నేలను వదిలి ఆకాశమెక్కడమేమిటన్నదే చిక్కుముడి. ఆకాశ్ క్షిపణి గుర్తుకొస్తే సగం విడిపోయినట్టే. 1983లో మొదలైన క్షిపణి కార్యక్రమంలో పృథ్వి, అగ్ని, త్రిశూల్, నాగ్‌లతో పాటు పుట్టిందది.

తూనీగ:
పేరు పెట్టిరి మనవారు వేడ్కతోడ
క్షిపణి కాకాశ మని, శత్రు సీమనుండి
వచ్చు లోహవిహంగముం బట్టి కూల్ప
ఆకసము నేల విడి యెక్కె నాకసమును

చుక్కాని: అన్వయం బాగుంది. కానీ 'కూల్ప' ద్రుతాంతం (చివర 'న్' దాగి ఉన్న మాట) కదండీ, సంధి చేస్తే నాలుగో పాదం 'నాకసము' అయి కూర్చుంటుంది. అక్కడ వాక్యం ముగించేయండి: "వచ్చు లోహవిహంగంబు బ్రతుక దింక!" యతికీ ఇబ్బంది లేదు. ఇంకోటి, 'పట్టి' అంటే క్షిపణే చూసి పట్టినట్టుంది. తొలి ఆకాశ్‌కు సొంత కన్ను లేదు. కిందనున్న రాజేంద్ర రాడార్ చూస్తూ, ఎటు తిరగాలో చెబుతూ ఉంటుంది. ముక్కులో సీకర్, అంటే లక్ష్యాన్ని తనే వెతుక్కునే కన్ను, వచ్చింది తర్వాతి రకాల్లోనే.

తూనీగ: సవరణ శిరోధార్యం.

గణగణ: నాది మొదటి పాదమే కుదిరింది. "నాల్గు వందల కోసుల నడుమ నున్న..."

చుక్కాని: యతి కుదిరింది, రేంజి కుదరలేదు! 400 అన్నది రష్యా వాళ్ళ ఎస్-400 గగనతల రక్షణ వ్యవస్థలో 40ఎన్6 క్షిపణి దూరం, అదీ కిలోమీటర్లలో. తొలి ఆకాశ్‌కు 25 నుంచి 30 కిలోమీటర్లే. ఆమడకు ఎనిమిది మైళ్ళ లెక్కన "ఆమడలు రెండు" అని ఎత్తుకోండి, గణాలూ సరిపోతాయి.

ఉప్పుగాలి:
నౌక గర్భము నందున నక్కి యుండి
కడలి యలలను దాకుచు గదిసి వచ్చు
బాణ మెదురైన క్షణమున భగ్గు మనియె
ఆకసము నేల విడి యెక్కె నాకసమును

చుక్కాని: ధార అద్భుతం. అలలను రాసుకుంటూ వచ్చే నౌకా విధ్వంసక క్షిపణిని రెండో పాదం కళ్ళకు కట్టింది. అలా కిందుగా వస్తే భూమి వంపు చాటున దాగి, రాడార్‌కు ఆఖరి నిమిషంలోగానీ దొరకదు. కానీ ఓడ కడుపులో నేల ఎక్కడిది? పైగా ఆకాశ్ సైన్యానిదీ వాయుసేనదీ. ఓడల మీద ఉన్నది బరాక్-8 క్షిపణి. ఐఎన్‌ఎస్ కోల్‌కతా యుద్ధనౌకలో దాన్ని వదిలే నిలువు గొట్టాలు 32.

ఉప్పుగాలి: అయితే ఓడలకు ఈ సమస్యలో చోటే లేదా?

నిర్వాహకుడు: ఉంది. సమస్యలోని పదాలను విరిచి చూడండి.

ఉప్పుగాలి (గంట తర్వాత): దొరికింది! ఆకసమున్ + ఏల. ఏలడానికి!

కడలి యలలను దాకుచు గదిసి వచ్చు
బాణమును గాంచె నావ; తా వాయి విచ్చె
మెఱుపు పేరిటి క్షిపణియే మేలు కొనియె!
ఆకసము నేల విడి యెక్కె నాకసమును

చుక్కాని: భేష్! నేల మాయమైంది. 'విడి' అంటే ఇక్కడ ఒర నుంచి విడివడి. హీబ్రూలో బరాక్ అంటే మెరుపే కాబట్టి మూడో పాదం కూడా అతికింది. 'వాయి విచ్చె' మరీ నచ్చింది. గొట్టం మూత తెరుచుకోవడం, క్షిపణి నిలువునా లేచి ఆ తర్వాత శత్రువు వైపు మళ్ళడం, అన్నీ కనబడ్డాయి. బరాక్-8కు చివర్లో దారి చూసుకునే కన్ను తన ముక్కులోనే ఉంటుంది.

నిర్వాహకుడు: ఈ వారం పదచ్ఛేదానికే నా ఓటు. ఒక్క వెలితి. తొలి ఆకాశ్‌ది రామ్‌జెట్ ఇంజను. మొదట బూస్టర్ రాకెట్ తోస్తుంది, ఆపైన ఎదురొచ్చే గాలినే పీల్చి ఇంధనం మండించుకుంటుంది. ఆకసాన్ని తింటూ ఆకసమెక్కుతుందన్నమాట. ఇంత చక్కని విషయాన్ని ఎవరూ ముట్టుకోలేదేం?

తూనీగ: ఇదిగో ముట్టుకున్నా.

దారి గాలినె పీల్చుచు దాన మండి
వేగముం గొనె, రాజేంద్ర వెంట నడిపె
మింటినే మింగు నీ వింత మీరు కనుడు!
ఆకసము నేల విడి యెక్కె నాకసమును

చుక్కాని: రాడార్ కూడా వచ్చి చేరింది, సంతోషం. 'మీరు కనుడు' పాదం నింపడానికే వచ్చినట్టుంది గానీ, 'మింటినే మింగు' ముందు అది చెల్లిపోతుంది. ఉండనివ్వండి.